చెత్త బిల్లు ఎలా కట్టాలి?

ప్రశ్న: ఆస్టిన్ శివారులో ఇల్లు కొన్నామండీ. చెత్త బండి వస్తోంది కానీ బిల్లు ఎవరికి, ఎలా కట్టాలో తెలియడం లేదు. పాత ఓనరు ఖాతాలోనే కట్టేయవచ్చా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: వద్దమ్మా. ఆ ఖాతాను వాళ్లు మూసేస్తే మీ డబ్బు చిక్కుకుపోతుంది. ముందుగా బండి ఎవరిదో చూడండి. ఇల్లు ఆస్టిన్ నగర పరిధిలో ఉంటే కరెంటు, నీళ్లతో కలిపి ఒకే యుటిలిటీ బిల్లులో చెత్త చార్జీ వస్తుంది. పరిధి బయట అయితే తరచుగా ప్రైవేటు కంపెనీ ఉంటుంది. దాని పేరు చెత్త డబ్బా మీదే ఉంటుంది. కొన్ని కాలనీల్లో ఇది హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రుసుములోనే కలిసి ఉంటుంది. ముందు ఆ సంఘంవాళ్లను అడగండి, లేకపోతే రెండుసార్లు కడతారు.

ప్రైవేటు కంపెనీలు చాలావరకు మూడు నెలలకోసారి, ముందుగానే బిల్లు వేస్తాయి. ఆటోపే, అంటే గడువుకు డబ్బు దానంతటదే వెళ్లే ఏర్పాటు, పెట్టుకోవడమే మేలు. కార్డు కన్నా బ్యాంకు ఖాతా నయం. కార్డు గడువు తీరగానే చెల్లింపు ఆగిపోతుంది, ఆ సంగతి ఆలస్య రుసుము పడ్డాకే తెలుస్తుంది. ఖాతా నంబరుతో పాటు మీ బ్యాంకును గుర్తించే తొమ్మిది అంకెల రూటింగ్ నంబరు కావాలి. ఆటోపే మొదలయ్యేలోపు వచ్చిన బిల్లును విడిగా కట్టాలి, చాలామంది పొరబడేది ఇక్కడే.

బ్యాంకు వెబ్‌సైటు నుంచి బిల్లు కట్టే బిల్‌పే సేవ చాలాసార్లు కాగితం చెక్కునే పోస్టులో పంపుతుంది. గడువుకు వారం ముందే అందులో చెల్లింపు పెట్టండి. మీరే చెక్కు పంపితే దాని కింద ఎడమవైపు ఉండే మెమో గీత మీద ఖాతా నంబరు రాయండి.

గూగుల్‌లో వెతికి పైన కనిపించిన ప్రకటన నొక్కకండి. కంపెనీవాళ్లలా కనిపించే ప్రకటనలతో జనాన్ని తప్పుదోవ పట్టించి అదనపు రుసుము వసూలు చేసిందన్న ఆరోపణతో 2024లో అమెరికా ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ, డాక్సో అనే చెల్లింపుల సంస్థపై కేసు వేసింది. బిల్లు మీద అచ్చయిన వెబ్ చిరునామానే టైపు చేయండి.