సమాధానం: రెండున్నరేళ్ల పాప, పై ముందుపళ్లపై గోధుమ మచ్చలు

రాత్రి పాలసీసాతోనే నిద్రపోతుంది, పై ముందుపళ్లపై మచ్చలు, బ్రష్ చూస్తే నోరు బిగిస్తుంది అన్నారు కదండీ. చాలావరకు ఇది సీసా వల్ల వచ్చే పుచ్చే. నిద్రలో లాలాజలం తగ్గి, పాలు పై పళ్ల చుట్టూ నిలుస్తాయి; కింది ముందుపళ్లను నాలుక కాపాడుతుంది. చిగురు దగ్గర సుద్దలాంటి తెల్ల గీతగా ఉన్నప్పుడైతే ఫ్లోరైడ్ వార్నిష్‌తో (పళ్లను గట్టిపరిచేందుకు డాక్టరు పూసే పూత) ఆపొచ్చు. గోధుమ రంగుకొచ్చింది కాబట్టి ఈ వారమే చూపించండి. "పాలపళ్లేగా, ఊడిపోతాయి" అనేవాళ్ల మాట పట్టించుకోకండి, పాలదవడ పళ్లు పది పన్నెండేళ్ల దాకా పని చెయ్యాలి.

సీసా పాలల్లో రోజురోజుకీ నీళ్లు పెంచుతూ పది రోజుల్లో ఉత్త నీళ్లకు తీసుకురండి. తోమేటప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చుని, పాప తలను ఒకరి ఒళ్లో పెట్టుకోండి. పై పెదవి వేలితో ఎత్తితేనే చిగురు అంచు అందుతుంది. పేస్టు బియ్యపు గింజంత చాలు, మూడేళ్లు నిండాక బఠాణీ గింజంత. ఫ్లోరైడ్ 1000 పీపీఎం (ppm, అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి) ఉందో లేదో ట్యూబు మీద చూడండి.

పిల్లల పళ్ల డాక్టరు దగ్గరికి పొద్దున, నిద్ర తీరాక తీసుకెళ్లండి. "సూది వెయ్యరులే" అనకండి, ఆ మాటే భయం పుట్టిస్తుంది. "పళ్లు లెక్కపెడతారు" అంటే సరి. మీ ఒళ్లోనే చూస్తారు. ఏడ్చినా ఫర్లేదు, నోరు తెరుచుకుంటుంది కదా!