బహుమతుల కమిటీ బాధ్యత తీసుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇటాలియన్ శాఖలో చేరిన రెండో ఏడే బహుమతుల కమిటీ బాధ్యత నీకు అప్పగించారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. ఇక్కడ అమెరికా విశ్వవిద్యాలయాల్లో కొత్తగా వచ్చినవారికి ఈ పని ఇవ్వడం మామూలే. చేసినవారికి పెద్దగా పేరు తెచ్చే పని కాకపోయినా, అందుకున్న విద్యార్థి మాత్రం దాన్ని జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు. ముప్పై ఏళ్లు ఈ భాషే బోధించి, చాలా సంవత్సరాలు ఇలాంటి కమిటీల్లోనే కూర్చున్నాను కనుక నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్కో బహుమతికి మూలమైన నిధి పత్రాన్ని తెప్పించుకుని చదువు. శాఖ ప్రకటనలో కనిపించే రెండు వాక్యాల వివరణ చాలదు. దాత విశ్వవిద్యాలయంతో చేసుకున్న అసలు ఒప్పందం విరాళాల విభాగంలో ఉంటుంది, అడిగితే చూపిస్తారు. అసలు సొమ్మును కదపకుండా దాని రాబడితోనే బహుమతి ఇవ్వాలా, తగినవారు లేని ఏడాది ఆపవచ్చా, ఇద్దరికి పంచవచ్చా, ఏ సంవత్సరం విద్యార్థులు అర్హులు అన్న ప్రశ్నలకు జవాబు అందులోనే దొరుకుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటిసారి కమిటీ నడిపిన ఏడాది, చివరి సంవత్సరం విద్యార్థులకిచ్చే భాషా బహుమతిని, ఇంట్లో నాయనమ్మతో ఇటాలియన్ మాట్లాడుతూ పెరిగిన ఒక అబ్బాయికి ఇచ్చాము. అతని భాష నిజంగానే బాగుండేది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అదే తరగతిలో మరో అమ్మాయి ఉండేది. మొదటి సంవత్సరం ‘చావ్’ అన్న పలకరింపు తప్ప మరో మాట రాకుండా వచ్చి, సాయంత్రాలు భోజనశాలలో పనిచేస్తూ, నాలుగో ఏడు వచ్చేసరికి పదిహేను పేజీల వ్యాసం సొంతంగా ఇటాలియన్‌లో రాసింది. ఆమె దరఖాస్తే పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని స్నాతకోత్సవం రోజున అడిగితే, అది ఇటాలియన్ కుటుంబాల పిల్లల కోసం అనుకున్నానని చెప్పింది. మరుసటి ఏడాది ఏదో లెక్కల కోసం ఆ నిధి పత్రం తెరిస్తే, బహుమతి ఇవ్వవలసినది ‘భాషలో అత్యధిక ప్రగతి సాధించిన విద్యార్థికి’ అని స్పష్టంగా ఉంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకుండా ఈ దేశానికి వలస వచ్చి, పెద్ద వయసులో ఆ భాష నేర్చుకున్న తండ్రి జ్ఞాపకార్థం పిల్లలు ఏర్పాటు చేసిన నిధి అది. ‘ప్రగతి’ అన్న మాట ఎప్పుడో ప్రకటనలోంచి జారిపోయి దాని స్థానంలో ‘ప్రతిభ’ వచ్చి చేరింది, ఎవరూ గమనించలేదు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది, అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అందుకని, నిధి పత్రం అనుమతించినంత మేరకు, ఇంటి భాషగా ఇటాలియన్ తెలిసినవారిని, అక్షరమాలతో మొదలుపెట్టినవారిని ఒకే త్రాసులో తూయకు. ఎవరు ఏ కోర్సులో ఉన్నారన్నదాన్ని బట్టి వర్గాలు చేస్తే ఈ తేడా కనిపించదు, ఎక్కడ మొదలుపెట్టారో అడిగి తెలుసుకోవాలి. సియెనాలోని విదేశీయుల విశ్వవిద్యాలయం వారి చీల్స్, పెరూజాలోని విదేశీయుల విశ్వవిద్యాలయం వారి చేలి వంటి ఇటాలియన్ భాషా పరీక్షలు రాసినవారుంటే ఆ స్థాయి పత్రం కొంత ఉపయోగపడుతుంది, కానీ ఆ రుసుము కట్టలేని విద్యార్థికి అది లోటు కాకూడదు.

రెండవది, ఎదురుచూడకు, వెళ్లి అడుగు. ప్రకటన గోడకు అంటించి దరఖాస్తుల కోసం కూర్చుంటే, తమ మీద తమకు ముందే నమ్మకం ఉన్నవారే వస్తారు. ఫిబ్రవరిలోనే ప్రతి అధ్యాపకుడికీ విడిగా రాసి, ‘ఈ ఏడాది నిన్ను ఆశ్చర్యపరిచిన విద్యార్థి ఎవరు’ అని ఒక్క ప్రశ్న అడుగు. వచ్చిన పేర్లకు నువ్వే స్వయంగా రెండు వాక్యాల ఉత్తరం రాయి. నేను అలా చేయడం మొదలుపెట్టాక వచ్చిన వ్యాసాలలో కొన్ని, ఆ పిల్లలు తమంతట తాము ఎన్నటికీ పంపి ఉండేవారు కారు. ఆ ఉత్తరంలోనే, ఇటలీ మహాకవి డాంటే పేరిట ఉన్న డాంటే సొసైటీ ఆఫ్ అమెరికా సంగతి కూడా చెప్పు. 1881లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో కవి లాంగ్‌ఫెలో తొలి అధ్యక్షుడిగా మొదలైన ఆ సంఘం, అమెరికా, కెనడా కళాశాలల్లో డిగ్రీ చదివేవారికి ఒక వ్యాస బహుమతి, పై చదువుల వారికి గ్రాంజెంట్ పేరిట మరొకటి ఇస్తుంది. మన శాఖకు వచ్చిన మంచి వ్యాసాన్ని మెరుగుపరిపించి అక్కడికి పంపించడం కూడా నీ పనిలో భాగమనే అనుకో.

వ్యాసాల మీద పేరు ఉండకూడదన్న నియమం నీకు తెలిసిందే. కానీ మన శాఖలు ఎప్పుడూ చిన్నవే. 1825లో న్యూయార్క్‌లోని కొలంబియా కళాశాలలో తొలి ఇటాలియన్ ఆచార్యుడైన లొరెంజో దా పొంతె, మోజార్ట్‌కు సంగీత నాటకాలు రాసిచ్చినంతటివాడు, అక్కడ జీతం లేక విద్యార్థులు కట్టే రుసుము మీదే ఆధారపడ్డాడు. పన్నెండు మంది ఉన్న తరగతిలో పేరు తీసేసినంత మాత్రాన రాసినది ఎవరో దాగదు, విషయం చూడగానే పాఠం చెప్పినవారికి తెలిసిపోతుంది. కాబట్టి ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరినైనా చరిత్ర శాఖ నుంచో, కళాచరిత్ర నుంచో, ఫ్రెంచి నుంచో పిలువు. ముగ్గురూ విడివిడిగా చదివి, తమ అభిప్రాయం కాగితం మీద పెట్టి నీకు పంపిన తరువాతే సమావేశం జరగాలి. లేకపోతే గదిలో అందరికంటే పెద్ద ఆచార్యుడు ముందు నోరు విప్పుతాడు, మిగిలిన ఇద్దరూ తలూపుతారు.

అనువాద బహుమతి దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే మన తెలుగు చెవి అక్కడ నిజంగా పనికొస్తుంది. మూలం పక్కన పెట్టుకోకుండా అనువాదాన్ని ఎన్నడూ తూయకు, చదవడానికి హాయిగా ఉన్నది నెగ్గిపోతుంది. డాంటే కావ్యం ‘డివైన్ కామెడీ’ తొలి పాదమే చూడు: ‘నెల్ మెజ్జో దెల్ కమ్మిన్ ది నోస్త్ర వీత’. ‘మన జీవితపు నడిదారిలో’ అని మొదలుపెట్టి, రెండో పాదంలో ‘మి రిత్రొవాయి’, అంటే ‘నన్ను నేను కనుగొన్నాను’ అంటాడు. అందరిదీ అయిన దారిలోంచి ఒక్కడు తప్పిపోవడం ఆ రెండు పాదాల మధ్యే జరుగుతుంది. ఒకసారి మా దగ్గరికి వచ్చిన సొగసైన ఇంగ్లీషు అనువాదంలో ‘నా జీవితపు నడిదారిలో’ అని ఉంది. పక్కనే తడబడుతూ రాసిన మరో అనువాదం ‘మన’ను నిలబెట్టుకుంది. ‘మన’కూ ‘మా’కూ తేడా తెలిసిన భాషలో పుట్టిన నాకు ఆ మాట వెంటనే తగిలింది. ఇలాంటి చోటు చూపించి వాదించు, తోటి న్యాయనిర్ణేతలు తప్పక వింటారు.

కవితా పఠనం పోటీ ఉంటే, ఒత్తులు విను. ఇటాలియన్‌లో ‘పాల’ అంటే పార, ‘పల్ల’ అంటే బంతి. ‘నోనో’ అంటే తొమ్మిదవది, ‘నొన్నో’ అంటే తాతయ్య. కల, కల్ల అన్న తేడాతో పెరిగిన మనకు ఇది సహజంగా వినిపిస్తుంది. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పిల్లలకు నెలల సాధన కావాలి. ఆ సాధన వినిపించినప్పుడు మార్కు ఇవ్వు, గొంతు గంభీరంగా ఉన్నందుకు ఇవ్వకు.

డబ్బు విషయం పొట్టిగా చెబుతాను. నగదు బహుమతి వల్ల కొందరు విద్యార్థులకు అందే ఆర్థిక సహాయం ఆ మేరకు తగ్గే అవకాశం ఉంది, విదేశీ విద్యార్థుల బహుమతి నుంచి పన్ను ముందే మినహాయించవలసి రావచ్చు. వీసా మీద చదువుకునే మన పిల్లలకు ఇది బాగా తగులుతుంది. పేర్లు ప్రకటించక ముందే విశ్వవిద్యాలయంలో ఆర్థిక సహాయం, పన్ను సంగతులు చూసే కార్యాలయాలతో మాట్లాడి, విద్యార్థికి చేతికి వచ్చేది ఎంతో తెలుసుకుని చెప్పు.

ఫలితాలు తేలిన రోజే, బహుమతి రానివారికి కూడా విడివిడిగా ఉత్తరం రాయి. అచ్చు వేసిన వాక్యం పంపకు. వారి వ్యాసంలో నీకు నచ్చిన ఒక పేరా ఏదో, ఎందుకు నచ్చిందో చెప్పు. పదిమందికి అలా రాయడానికి ఒక ఆదివారం పడుతుంది.

బహుమతి ప్రదానానికి ముందు ప్రతి విద్యార్థినీ పిలిచి, పేరు ఎలా పలకాలో అడిగి కాగితం మీద తెలుగులో రాసుకో. ఏ దేశపు పేరైనా మన లిపిలో ఇంచుమించు ఒదిగిపోతుంది, వేదిక మీద తడుముకోవు. ప్రకటన ముసాయిదా సిద్ధమవగానే, నిధి పత్రం నకలుతో పాటు నాకు పంపించు. రెండూ పక్కపక్కన పెట్టి చదివి, తేడాలుంటే గుర్తుపెట్టి పంపుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ