ఇంగ్లండ్ పల్లెల చరిత్ర చూడాలంటే సైకిలా, బైకా? నా అనుభవం

ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చాను, వీకెండ్స్‌లో ఇక్కడి పల్లెల పాత చరిత్ర చూడాలనుంది, సైకిల్ కొనాలా బైక్ కొనాలా, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని అడిగారు కదా. నేను స్విండన్‌లో ఉంటానండి, ఆరేళ్ళయింది. మొదటి రెండేళ్ళు సైకిల్ ఒక్కటే, తర్వాత బైక్ కూడా తీసుకున్నా, ఇప్పటికీ రెండూ తిప్పుతా. నన్నడిగితే ముందు సైకిల్ కొనండి, ఒక ఏడాది తిరిగాక బైక్ కొనండి. ఒకటుంటే రెండోది అక్కర్లేదు అనుకోకండి, సైకిల్ మీద కనపడేవి బైక్ మీద కనపడవు, బైక్ మీద అర్థమయ్యేవి సైకిల్ మీద అర్థం కావు.

రెండిటికన్నా ముందు ఆర్డినెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) కాగితం మ్యాపు కొనండి. ఆరెంజ్ అట్ట ఎక్స్‌ప్లోరర్ (1:25,000) సైకిల్‌కి, గులాబి అట్ట లాండ్‌రేంజర్ (1:50,000) బైక్‌కి. ఫోన్లో మ్యాపు రోడ్డే చూపిస్తుంది, ఇందులో పాత దిబ్బలు, కోటలు, సమాధుల పేర్లు గోతిక్ అక్షరాల్లో వేసి ఉంటాయి, రోమన్ల కాలంవి ఇంకో రకం అక్షరాల్లో ఉంటాయి. 1920లో ఆ సర్వేలో మొదటి ఆర్కియాలజీ ఆఫీసర్‌గా చేరిన ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ అనే ఆయన సైకిలేసుకుని ఊళ్ళమ్మట తిరిగి ఇవన్నీ ఉన్నాయా లేవా చూసి మ్యాపులు సరిచేయించాడు. అందుకేనేమో ఆ మ్యాపు పట్టుకుని సైకిల్ తొక్కుతుంటే ఎవరో ముందెళ్ళి దారి చెప్తున్నట్టు ఉంటుంది నాకు.

రూల్స్ కొంచెం తెలుసుకోండి. ఇక్కడ ఫుట్‌పాత్ అంటే మన దగ్గర రోడ్డు పక్కన ఉండేది కాదు, పొలాల్లోంచి పోయే కాలిబాట, దాని మీద సైకిల్‌కి హక్కు లేదు. బ్రిడిల్‌వే, అంటే గుర్రాల బాట మీద 1968 చట్టం నుంచి సైకిల్ వెళ్ళొచ్చు, నడిచేవాళ్ళకీ గుర్రాలకీ మాత్రం దారివ్వాలి. ఇలాంటి మట్టిబాటల్లో బైక్‌కి అయితే బైవే అని రాసున్నవే (రిస్ట్రిక్టెడ్ బైవే అని ఉంటే కాదు), అందులోనూ కొన్ని చోట్ల చలికాలం మూసేస్తారు, మొదట్లోనే బోర్డుంటుంది చూసుకోండి.

మొదటి రైడ్‌కి నా సలహా రిడ్జ్‌వే. ఏవ్‌బరీ దగ్గర ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగో బీకన్ దాకా 87 మైళ్ళు, సుద్ద గుట్టల వీపు మీదుగా పోయే చాలా పాత బాట, స్ట్రీట్లీ దాకా సైకిల్ వెళ్తుంది. అంతా ఒకేసారి తొక్కక్కర్లేదు. నేను స్విండన్ నుంచి చిసెల్డన్ వెళ్ళి అక్కడ ఎక్కుతా, బార్బరీ కాజిల్ అని ఇనుప యుగం నాటి మట్టికోట వస్తుంది, దాని చుట్టూ కందకాలు, కట్టలు ఇప్పటికీ ఉన్నాయి, సైకిల్ దిగి కట్ట మీద నిలబడితే చుట్టుపక్కల ఊళ్ళన్నీ కింద కనిపిస్తాయి. అక్కణ్ణుంచి దక్షిణంగా వెళ్తే ఎడమ వైపు ఫైఫీల్డ్ డౌన్. గడ్డిలో బూడిద రంగు రాళ్ళు వందల కొద్దీ పడుంటాయి, దూరం నుంచి గొర్రెల మందలా ఉంటుంది, ఇక్కడి వాళ్ళు కూడా వాటిని ఆ అర్థం వచ్చేలా గ్రే వెదర్స్ అనే అంటారు.

ఆ రాళ్ళలో ఒకటుంది, దానికోసం నేను మూడుసార్లు వెళ్ళి వెతికా, మూడోసారి దొరికింది. పెద్ద రాయేం కాదు. పైన పక్కపక్కనే నాలుగైదు గాళ్ళు, వాటి పక్కన పళ్ళెంలా గుంటపడి నున్నగా ఒక చోటు. కొత్త రాతియుగం వాళ్ళు రాతి గొడ్డళ్ళు నూరిన చోటు అది. రాత్రి వాన పడి గాళ్ళలో నీళ్ళు నిలిచున్నాయి, వేలు పెట్టి అటూ ఇటూ జరిపి చూశా, లోపల మా అమ్మమ్మ గంధం తీసే సాన ఎంత నునుపుగా ఉండేదో అంత నునుపు, బయట రాయంతా గరుగ్గా ఉంది. ఎంతమంది, ఎన్నేళ్ళు అక్కడ కూచుని నూరితే అంత అరుగుతుంది! చుట్టూ కంచె లేదు, టికెట్ లేదు, నేను తప్ప మనిషి లేడు. సైకిల్ బాట పక్కన వదిలి నడిచి వెళ్ళాలి. బైక్ మీద వస్తే ఇటుపక్కే రారు మీరు.

ఇంకో మాట, వాన పడిన మర్నాడు రిడ్జ్‌వే ఎక్కకండి. తడిసిన సుద్ద నానబెట్టిన సున్నం లెక్క ఉంటుంది, చక్రాలకి మెత్తి మడ్‌గార్డ్‌లో ఇరుక్కుంటుంది. ఒక మార్చిలో దిగుడులో ముందు చక్రం జారి నేను పడ్డా, మోచేయి చెక్కుకుపోయింది, లేచి చూస్తే టైరు పక్కన బ్లేడుతో కోసినట్టు చీలిపోయింది. చెకుముకి రాయి. సుద్దలోనే పుడుతుంది ఇది, పగిలితే అంచు అంత పదునుగా ఉంటుంది, ఆ కాలం వాళ్ళు బాణం మొనలు, కత్తులు దాంతోనే చేసుకున్నారు. ఎందుకు దాంతోనే చేసుకున్నారో నాకు ఆ రోజు బాగా తెలిసింది. నాలుగు మైళ్ళు తోసుకుంటూ వచ్చా. గట్టి టైర్లు వేసుకోండి, టైరు లోపల అతికించే ముక్క ఒకటి బ్యాగులో పెట్టుకోండి, ట్యూబ్ ప్యాచ్ ఒక్కటే చాలదు.

ఏవ్‌బరీ గురించి అందరూ చెప్తారు కాబట్టి ఎక్కువ చెప్పను, ఊరే కొత్త రాతియుగం వాళ్ళు నిలబెట్టిన రాళ్ళ వలయం లోపల ఉంటుంది, మెయిన్ రోడ్డు మధ్యలోంచి పోతుంది. ఇళ్ళ గోడలు చూడండి, పాత రాళ్ళని మంటపెట్టి నీళ్ళు పోసి పగలగొట్టి కట్టుకున్నవి ఉన్నాయి, 1720ల్లో పాత కట్టడాల మీద పరిశోధన చేసిన విలియం స్టూక్లీ ఇదంతా చూసి రాసిపెట్టాడు. దగ్గర్లోనే వెస్ట్ కెన్నెట్ సమాధి, సుమారు క్రీ.పూ. 3650 నాటిది, వంద మీటర్ల పైన పొడుగు, లోపలికి నడిచి వెళ్ళొచ్చు. మన ఊళ్ళ దగ్గర రాకాసి గుళ్ళు అంటామే, అవి చూసినవాళ్ళకి ఆ నిలువు రాళ్ళు, పైన మూత బండలు ఎక్కడో చూసినట్టే ఉంటాయి. కాలం వేరు, జనం వేరు, సంబంధం ఏమీ లేదు, అయినా లోపల నిలబడితే నాకు మాత్రం అదే గుర్తొస్తుంది.

ఇప్పుడు బైక్ ఎందుకంటే, ఫాస్ వే కోసం. ఎక్సెటర్ నుంచి లింకన్ దాకా రోమన్లు వేసిన రోడ్డు. ఇల్‌చెస్టర్ నుంచి లింకన్ వరకు 182 మైళ్ళలో సరళరేఖకి ఆరు మైళ్ళ కన్నా ఎక్కువ ఎక్కడా పక్కకి పోదట. ఇది మ్యాపులో చూస్తే ఒక గీత అంతే, సైకిల్ మీద ఒక పూటకి చిన్న ముక్కే తొక్కుతాం కాబట్టి ఒంటికి తెలీదు. సైరెన్‌సెస్టర్ నుంచి ఏ429 మీద స్టో, మోర్టన్ మీదుగా పైకి వెళ్ళండి, గుట్ట ఎక్కితే రోడ్డు ఎదురుగా అలాగే, దిగితే అలాగే, గంటసేపు బండి పెద్దగా వంచే పనే ఉండదు, అప్పుడు తెలుస్తుంది వాళ్ళు ఎంత దూరం చూసి వేశారో. చాలా చోట్ల ఊళ్ళ పొలిమేరలు ఈ రోడ్డు వెంబడే పోతాయి, అంటే ఆ హద్దులు గీసుకునేనాటికే రోడ్డు ఉంది.

మోర్టన్ దాటి వార్విక్‌షైర్ వైపు వెళ్ళేటప్పుడు చలికాలం సాయంత్రం, ఎండ ఏటవాలుగా పడే టైంలో పచ్చిక బీళ్ళ వైపు చూడండి. నేల అలలు అలలుగా లేచి ఉంటుంది. మధ్యయుగాల్లో దున్నిన చాళ్ళవి, గొర్రెల మేతకి వదిలేశాక మళ్ళీ నాగలి పడలేదు కాబట్టి అలాగే ఉండిపోయాయి. మాది వ్యవసాయ కుటుంబమే, అందుకని బండి పక్కకి ఆపి చాలాసేపు చూశా. ఆ చాళ్ళు తిన్నగా ఉండవు, రెండు కొసల్లోనూ కాస్త వంకర తిరుగుతాయి. బారు ఎద్దుల్ని కట్టిన బరువు నాగలి పొలం చివర తిప్పాలంటే చోటు కావాలి, అందుకే చివరికి రాకముందే పక్కకి తిప్పడం మొదలుపెట్టేవాళ్ళు, ఆ వంపు అది. ఎద్దుల్ని తిప్పిన వంపు ఇన్ని వందల ఏళ్ళ తర్వాత గడ్డి కింద కనపడుతోంది!

లైసెన్స్ సంగతి: ఇండియా లైసెన్స్‌లో బైక్ ఉంటే ఇక్కడ స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు, తర్వాత ఇక్కడి లైసెన్స్ తీసుకోవాలి. సీబీటీ అనే బేసిక్ ట్రైనింగ్ పూర్తిచేస్తే ఎల్ బోర్డుతో 125 సీసీ దాకా నడపొచ్చు, మోటర్‌వే ఎక్కకూడదు, పల్లె రోడ్లకి అది చాలు.

చివరగా ఒక సైకిల్ రూటు, ఇది బైకుల మీద ఇష్టం ఉన్నవాళ్ళకి. డివైజెస్ నుంచి కెన్నెట్ అండ్ ఏవన్ కాలవ గట్టు పట్టుకుని బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ దాకా. 1810లో పూర్తయిన కాలవ, డివైజెస్ దగ్గర 29 లాకులు, అందులో 16 వరసగా మెట్లలా దిగుతాయి. దారిలో 1940లో జర్మన్లు దిగుతారేమోనని సైనికులు లోపలుండి కాల్చడానికి కట్టిన చిన్న కాంక్రీటు గదులు ఉంటాయి. బ్రాడ్‌ఫర్డ్‌లో 14వ శతాబ్దపు ధాన్యం కొట్టం ఉంది, 168 అడుగుల పొడుగు, లోపల పైకప్పు దూలాలు చూడకుండా రాకండి. ఆ ఊరి పక్కనే వెస్ట్‌వుడ్‌లో, యుద్ధం రోజుల్లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు పాత రాతి గనుల్లో భూమి కింద ఫ్యాక్టరీ పెట్టారు, రెడ్డిచ్‌లో ఉన్న వాళ్ళ అసలు ఫ్యాక్టరీ మూసేశాక కూడా 1970 దాకా అక్కడ పని నడిచింది. మద్రాసులో 1950ల నుంచే బుల్లెట్లు తయారవుతున్నాయి కదా, మా నాన్నది ఆ మద్రాసు బుల్లెట్టే. స్టేషన్లో కూచుని ఆయనకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా, గంట మాట్లాడారు, నా ట్రైను ఒకటి వెళ్ళిపోయింది. మీరు మాత్రం బాత్‌లో మారి స్విండన్ వచ్చే ట్రైన్‌కి సైకిల్ చోటు ముందే బుక్ చేసుకోండి.