సర్జరీ భయం అనుకుంటున్నది నిద్రలో ఊపిరి ఆగడమేమో, ముందు అది చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్ళు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. మాది మదనపల్లి, 12 ఏళ్ళుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. షుగర్, బీపీ ఉన్నాయి, మాత్రలు వాడుతున్నా. ఇంకో మూడు వారాల్లో బరువు తగ్గే స్లీవ్ సర్జరీకి డేట్ ఇచ్చారు. సర్జరీ మాట వచ్చినప్పటి నుంచీ ఒకటే భయం. రాత్రి రెండు మూడు గంటలకి ఊపిరాడనట్టు ఉలిక్కిపడి లేస్తున్నా, గుండె దడదడ. మా అత్తగారికి రాసిచ్చిన ఆల్ప్రజోలం రెండు నెలలుగా రోజూ రాత్రి ఒకటి వేసుకుంటున్నా, అయినా పగలంతా మత్తుగానే ఉంటోంది. గురక ఎక్కువని మా ఆయన అంటారు. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటా. ఈ సర్జరీ చేయించుకుని ఎవరో చనిపోయారని తెలిసినవాళ్ళు చెప్పారు. బరువు మళ్ళీ వచ్చేస్తుందట, జుట్టు ఊడుతుందట. చేయించుకోవాలా వద్దా, ధైర్యం ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పొద్దున ఓపీ మొదలయ్యేముందు ఒకసారి చదివాను, ఇప్పుడు ఇద్దరు పేషెంట్ల మధ్యలో ఇంకోసారి చదివాను. మీరు అడిగింది ధైర్యం గురించి, దానికీ వస్తాను, కానీ నాకు గుబులు పుట్టించింది మాత్రం మీరు మధ్యలో మామూలుగా రాసేసిన నాలుగు ముక్కలు. గురక, రాత్రి ఊపిరాడక లేవడం, పగలంతా మత్తు, వీటి మీద రోజూ ఆల్ప్రజోలం.

మీరు దీన్ని సర్జరీ భయం అనుకుంటున్నారు. అయ్యుండొచ్చు, కాదనను. కానీ మీ బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చూసే లెక్క, 41 దాటింది, ఇంత బరువున్నవాళ్ళలో సర్జరీకి వచ్చేవాళ్ళని చూస్తే సగం మందికి పైనే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఉంటుంది, చాలామందికి ఆ సంగతి తెలీను కూడా తెలీదు. నిద్రపట్టగానే గొంతు కండరాలు వదులవుతాయి, మెడ చుట్టూ కొవ్వు ఉంటే ఆ బరువుకి ఊపిరి దారి మూసుకుపోతుంది, పది సెకన్లో ఇరవై సెకన్లో గాలి ఆడదు, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, అప్పుడు మెదడు తట్టి లేపుతుంది. ఆ కుదుపుకే గుండె దడ, చెమట, ఊపిరాడని ఫీలింగ్. అర్ధరాత్రి అలా లేచిన మనిషికి ముందు గుర్తొచ్చేది మనసులో ఉన్న దిగులే కాబట్టి, సర్జరీ గుర్తొస్తుంది, నేరం సర్జరీ మీద పడుతుంది. ఒక్కటి ఆలోచించండి, గురక సర్జరీ మాట వచ్చాక మొదలైంది కాదు కదా?

ఇక ఆ మాత్ర. ఆల్ప్రజోలం భయం తగ్గిస్తుంది, నిజమే. దాంతోపాటు గొంతు కండరాలని ఇంకా వదులు చేస్తుంది, మిమ్మల్ని తట్టి లేపే ఆ కుదుపుని కూడా మొద్దుబారుస్తుంది. అంటే భయానికని వేసుకున్న మాత్రే ఊపిరి ఆగడాన్ని పెంచుతూ ఉండొచ్చు, పొద్దున మత్తు వదలకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. సర్జరీ రోజు రాత్రి సంగతి ఆలోచించండి, ఒంట్లో మత్తుమందు ఇంకా పూర్తిగా దిగదు, నొప్పికి ఇంజెక్షన్లు ఇస్తారు, వాటిలో కొన్ని ఊపిరిని నెమ్మది చేసేవే, దాని మీద మీరు ఎవరికీ చెప్పకుండా హ్యాండ్‌బ్యాగ్‌లో తెచ్చుకున్న ఈ మాత్ర కూడా పడితే? నా భయం ఇదీ.

అలాగని ఇది చదివి ఇవాళ రాత్రి నుంచి ఠక్కున మానేయొద్దు, దయచేసి. రెండు నెలలు రోజూ వేసుకున్నారు కాబట్టి ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, నిద్ర అసలు రాకపోవడం, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఎంత తగ్గించాలో, ఎన్నాళ్ళలో తగ్గించాలో మిమ్మల్ని నేరుగా చూసే డాక్టరే చెప్పాలి. ఆ డాక్టర్‌కి ఫోన్ ఇవాళే చేయండి, సర్జరీ ముందు రోజు కాదు.

కాస్త కోప్పడతాను, ఏమనుకోకండి. ఆల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే షాపువాళ్ళు రిజిస్టర్‌లో రాసుకోవాలి, 2014 నుంచీ ఉన్న రూల్ ఇది. కానీ ఇంట్లో పెద్దవాళ్ళ డబ్బాలోంచి తీసుకుంటే ఏ రిజిస్టరూ ఉండదు. మీ అత్తగారి వయసు వేరు, బరువు వేరు, ఆవిడ గురక పెడతారో లేదో కూడా మనకి తెలీదు. ఆవిడకి రాసిచ్చిన డాక్టర్ ఆవిడని చూసి రాశారు, మిమ్మల్ని చూసి కాదు.

నా దగ్గరికి ఒకావిడ ఇలాగే సర్జరీ ఫిట్‌నెస్‌కి వచ్చారు. ఏం మందులు వాడుతున్నారమ్మా అంటే బీపీ మాత్ర ఒక్కటే అన్నారు. పక్కనున్న కూతురు పర్సులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద బోర్లించింది, అన్నీ కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్కలు, రెండేసి మూడేసి మాత్రలు, ఒకదాని మీద పేరులో చివరి రెండక్షరాలు మిగిలాయి, ఇంకోదాని మీద ఎక్స్‌పైరీ సగం తెగిపోయింది. ఒకటి నిద్రకి, ఒకటి నొప్పికి, రెండు దేనికో ఆవిడకే తెలీదు. ఆవిడ నాకు అబద్ధం చెప్పలేదు, అవి మందులే అనుకోలేదు, అంతే. మీరూ మోకాళ్ళ నొప్పి మాత్ర గురించి రాసిన తీరు చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.

ఆ నొప్పి మాత్రల పేరు రాయలేదు మీరు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివైతే కడుపులో పుండు చేస్తాయి, బీపీ పెంచుతాయి, షుగర్ ఉన్నవాళ్ళకి కిడ్నీ మీద దెబ్బ. సర్జరీ తర్వాత పొట్ట చిన్నదవుతుంది, అప్పుడు ఇవి సొంతంగా వేసుకుంటే ఇంకా ప్రమాదం, బరువు తగ్గడానికి పొట్టకి బైపాస్ (గుండెకి చేసేది కాదు) చేయించుకున్నవాళ్ళైతే వీటి జోలికే పోకూడదు. షుగర్ మాత్రల పేర్లు కూడా చూసుకోండి, వాటిలో ఏదైనా చివర గ్లిఫ్లోజిన్ అని ఉంటే సర్జరీకి మూడు నాలుగు రోజుల ముందే ఆపించాల్సి ఉంటుంది, లేకపోతే షుగర్ రీడింగ్ నార్మల్‌గా కనిపిస్తూనే రక్తంలో యాసిడ్ పెరిగే ప్రమాదం ఉంది. సర్జరీకి ముందు రెండు వారాలు డైట్ పెడతారు, లివర్ కాస్త కుంచించుకోవడానికి, అప్పుడు షుగర్, బీపీ మందుల డోసు కూడా మార్చాల్సి రావచ్చు. ఇవి మీరే మార్చుకోకండి, అడగండి. ఎలాగూ తర్వాత తినలేను కదా అని ఈ మూడు వారాలూ బిర్యానీలు లాగించే అలవాటు చాలామందికి ఉంది, అది మాత్రం వద్దు, లివర్ పెద్దగా ఉంటే సర్జన్‌కి పని కష్టం, రిస్కు మీకు.

ఇప్పుడు చావు భయం. దాచకుండా చెప్తాను, మంచి సెంటర్లలో ఈ సర్జరీలో ప్రాణం పోయే అవకాశం వెయ్యిమందిలో ఒకరు, అటూ ఇటుగా. గాల్ బ్లాడర్ తీసే సర్జరీకి దాదాపు దగ్గర. కుట్టు దగ్గర లీక్ అవ్వడం నూటికి ఒకరికి అటూ ఇటుగా, కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి పోవడం ఇంకో ప్రమాదం, అందుకే అదే రోజు లేపి నడిపిస్తారు. మీకు ఎంత రిస్కో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీ గుండె, ఊపిరితిత్తులు, షుగర్ చూసినవాళ్ళు చెప్పాలి. చనిపోయారని విన్నది ఏ సర్జరీలోనో కూడా కనుక్కోండి. 2022 మేలో ఇక్కడ బెంగళూరులోనే ఒక కన్నడ టీవీ నటి కొవ్వు తీయించుకునే సర్జరీ తర్వాత చనిపోయారు, అప్పుడు నా ఓపీలో వారం రోజులు అదే ప్రశ్న. అది అందం కోసం చర్మం కింద కొవ్వు తీసే పని, మీకు చేసేది జీర్ణాశయంలో ముప్పావు వంతు పైగా తీసేసి ఆకలిని, షుగర్‌ని కంట్రోల్ చేసే పని. రెండూ వేరు. ఇంకో వైపు కూడా చూడండి, 104 కిలోలు, షుగర్, బీపీ, బహుశా స్లీప్ ఆప్నియా, వీటితో ఏమీ చేయకుండా ఇంకో పదేళ్ళు గడపడం కూడా రిస్కే, దానికి ఎవరూ సంతకం పెట్టించుకోరు కాబట్టి మనకి కనిపించదు.

బరువు సంగతి, మీ లెక్కకి 20 నుంచి 25 కిలోలు తగ్గుతాయని అనుకోవచ్చు, కొందరికి ఇంకా ఎక్కువే, కొన్నేళ్ళకి కొంత తిరిగి రావడం మామూలే. జుట్టు మూడో నెల నుంచి ఊడుతుంది, ప్రోటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే చాలామందికి మళ్ళీ వస్తుంది. బీ12, ఐరన్, క్యాల్షియం, విటమిన్ డి జీవితాంతం. పిల్లల ఆలోచన ఉంటే ఏడాది, ఏడాదిన్నర ఆగాలి.

చేయించుకోవాలా వద్దా అన్నది మీ నిర్ణయం, నేను అవునని గానీ కాదని గానీ అనను. కానీ డేట్ అనేది పెళ్ళి ముహూర్తం కాదు, స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూసే పరీక్ష, దాని కోసం రెండు మూడు వారాలు జరిగితే కొంపలేమీ మునగవు. ఆప్నియా ఉందని తేలితే ఊపిరి దారి మూసుకుపోకుండా గాలి పంపే, రాత్రి పెట్టుకునే సీప్యాప్ మెషిన్ ఇస్తారు, సర్జరీకి ముందు కొన్నాళ్ళు దాంతో పడుకుంటే ఆక్సిజన్ పడిపోదు, ఆ అర్ధరాత్రి దడ కూడా తగ్గొచ్చు, హాస్పిటల్‌కి ఆ మెషిన్ వెంట తీసుకెళ్ళాలి. చాలామంది ఇన్సూరెన్స్ పోతుందేమో అని గురక సంగతి దాస్తారు, అలా చేయకండి. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ రూల్స్ ప్రకారం బీఎంఐ 40 దాటినవాళ్ళకి, లేదా 35 దాటి తీవ్రమైన స్లీప్ ఆప్నియా లాంటి జబ్బులున్నవాళ్ళకి, మిగతా పద్ధతులు పనిచేయకపోతే ఈ సర్జరీని కవర్ చేయొచ్చు. వెయిటింగ్ పీరియడ్ లాంటివి మీ పాలసీ చదివి చూసుకోండి.

స్లీప్ స్టడీ నార్మల్ వచ్చి, థైరాయిడ్, ఈసీజీ కూడా బాగుంటే, అప్పుడది భయమే, దానికీ మంచి వైద్యం ఉంది. సర్జరీ టీమ్‌లో సైకాలజిస్ట్ ఉంటారు, వాళ్ళు మిమ్మల్ని పాస్ ఫెయిల్ చేయడానికి కాదు ఉన్నది, నాకు భయంగా ఉంది అని నోరు తెరిచి చెప్పండి. రాత్రిపూట మరీ ఎక్కువైతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. మీ ఆయన్ని సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఆయన కూడా లోపల భయపడుతూ ఉండొచ్చు, బయటికి చెప్పరు.

సర్జరీ చేయించుకుంటే ఇంటికొచ్చాక ఒక్కటి మర్చిపోకండి. గుండె వేగం నిమిషానికి 120 దాటినా, జ్వరం, ఆయాసం, తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు ఏది వచ్చినా గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పొద్దుటిదాకా చూడొద్దు, అదే గంటలో హాస్పిటల్‌కి.

ఇవాళ రాత్రి మీ ఆయన్ని నిద్రపోకుండా ఒక అరగంట కూర్చోమనండి, మీరు నిద్రపోయాక ఫోన్‌లో వీడియో తీయమనండి, గురక మధ్యలో ఆగి మళ్ళీ ఒక్కసారిగా గాలి లాగుతున్నారేమో అందులో తెలుస్తుంది. ఆ వీడియో, ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పు, తెగిన ముక్కలతో సహా ఒక కవర్లో వేసుకుని ఈ వారంలోనే మీ సర్జరీకి మత్తు ఇచ్చే డాక్టర్‌ని కలవండి, కలిసేదాకా వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోండి.