టెక్ సందేహాలు: ప్యాచ్ వేశాక కూడా అదే రిపోర్టా?

ఫోన్ బ్యాటరీలు, వాట్సాప్ బ్యాకప్‌ల ప్రశ్నలన్నీ ఈసారి పక్కన పెట్టేశాను. లైనక్స్ మీద వెబ్‌సైట్లు నడిపేవాళ్ల నుంచి కొన్ని నెలలుగా ఒకటే గోల: "అప్‌డేట్ చేశాం సార్, అయినా లోపం ఉందంటున్నారు." ఊళ్లు మారుతున్నాయి, ఫిర్యాదు మారడం లేదు. అందుకే ఈ వారమంతా దానికే. అప్‌డేట్లు ఎక్కించే ఆప్ట్, యమ్, డీఎన్ఎఫ్ కమాండ్లను ఇక్కడ వివరించబోవడం లేదు. సర్వర్ రూట్ పాస్‌వర్డ్ చేతిలో ఉన్నవాళ్లకు ఆమాత్రం తెలిసుండాలి.

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీ సైట్ ఉబుంటు 22.04 లైనక్స్ మీద అపాచీ వెబ్ సర్వర్‌తో నడుస్తోంది. ఆడిట్‌కి వచ్చినవాళ్లు మా అపాచీ వెర్షన్ 2.4.52 అనీ, దాంట్లో బోలెడు లోపాలున్నాయనీ ఎర్ర అక్షరాలతో రిపోర్ట్ ఇచ్చారు. ఆప్ట్ అప్‌గ్రేడ్ కొడితేనేమో ఇదే లేటెస్ట్ అంటోంది. ప్రిన్సిపాల్ గారు ఊరుకోవడం లేదు. సోర్స్ కోడ్ తెచ్చి కంపైల్ చేసి ఎక్కించేయమంటారా? (గుంటూరు)

ఆ ఒక్క పనీ చేయకండి. ఉబుంటు, డెబియన్, రెడ్ హ్యాట్ లాంటి లైనక్స్‌లు ఇచ్చేవాళ్లు ఒక విడుదలకు ఒక వెర్షన్ ఖాయం చేసుకున్నాక, దాని సపోర్ట్ గడువు ముగిసేదాకా సాధారణంగా దాన్నే ఉంచుతారు. ఎక్కడైనా లోపం బయటపడితే, దాన్ని సరిచేసిన కోడ్ ముక్క మటుకు కొత్త వెర్షన్ నుంచి తెచ్చి పాతదానికి అతికిస్తారు. బ్యాక్‌పోర్ట్ అంటే ఇదే. అందుకే మీకు ముందున్న 2.4.52 ఎప్పటికీ మారదు. ఆ వరస చివర 'ఉబుంటు4' తర్వాత చుక్క పక్కనుండే అంకె పెరుగుతూ పోతుంది. బయటి నుంచి చూసే ఆడిట్ టూల్ ఆ చివరి అంకెను లెక్కలోకి తీసుకోదు, ముందు భాగం చదివి కేకలు వేస్తుంది.

2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడూ ఇదే గందరగోళం. అది ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో (సైట్ల సమాచారాన్ని గుప్తంగా పంపడానికి మిగతా ప్రోగ్రామ్‌లు వాడుకునే లైబ్రరీ) ఉంది, వాళ్లు 1.0.1-జి వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. రెడ్ హ్యాట్ 6.5లోనూ డెబియన్ 7లోనూ మాత్రం ప్యాచ్ పడ్డాక కూడా 1.0.1-ఇ అనే కనిపించేది. లోపల మందు పడింది, పైన చీటీ పాతదే.

కొత్త నంబరుంటే నిశ్చింత అనుకునేవాళ్లకు అపాచీ 2.4.49 కథ చెప్పాలి. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన ఆ వెర్షన్‌లోనే, అంతకుముందు లేని లోపం ఒకటి దూరింది. యూఆర్ఎల్‌లో చుక్కల్ని ఎన్‌కోడ్ చేసి పంపితే, 'రిక్వైర్ ఆల్ డినైడ్' అనే సెట్టింగ్ అడ్డు లేని చోట వెబ్ ఫోల్డర్ బయట ఉన్న ఫైళ్లను కూడా సర్వర్ తెరిచి ఇచ్చేసేది. పైగా సీజీఐ (వెబ్ సర్వర్ ద్వారా ప్రోగ్రామ్‌లు నడిపే పద్ధతి) కూడా ఆన్‌లో ఉంటే ఏకంగా కమాండ్లే నడపొచ్చు. అక్టోబర్ 4న 2.4.50 ఇచ్చారు. అది పూర్తిగా పని చేయలేదు. అక్టోబర్ 7న మళ్లీ 2.4.51. ఉబుంటు 20.04లో వచ్చిన 'పాత' 2.4.41 మీద కూర్చున్నవాళ్లకు ఈ హడావిడితో సంబంధమే లేదు. ఆ లోపం వాళ్ల దగ్గర పుట్టనే లేదు.

ఇక మీరు సొంతంగా కంపైల్ చేసి ఎక్కించారనుకోండి. ఈ రిపోర్ట్ పచ్చగా వస్తుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి లోపానికీ మళ్లీ మీరే కంపైల్ చేసుకోవాలి, ఆప్ట్‌కి దాని సంగతే తెలియదు. రేపు మీరు ఉద్యోగం మారితే ఆ సర్వర్‌ని పట్టించుకునేదెవరు?

ఇలా చేయండి. 'ఆప్ట్ చేంజ్‌లాగ్ అపాచీ2' అని కొడితే ఏ ప్యాకేజీలో ఏ సీవీఈ (ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు నంబర్) సరిచేశారో వరసగా వస్తుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఇదే పని ఆర్‌పీఎం కమాండ్‌తో అవుతుంది. ఆడిటర్ ఇచ్చిన సీవీఈలు ఒక కాలమ్‌లో, వాటిని సరిచేసిన ప్యాకేజీ వెర్షన్ పక్క కాలమ్‌లో పెట్టి షీట్ పంపండి. కొన్నింటికి ఎదురుగా ఏమీ దొరకకపోవచ్చు. మీరు నిజంగా చూసుకోవాల్సినవి అవే.

ఆడిటర్లకూ ఒక మాట. టూల్ నడిపి, వచ్చిన పీడీఎఫ్‌కి లోగో అంటించి బిల్లు పంపడాన్ని ఆడిట్ అనరు. లాగిన్ ఇప్పించుకుని ప్యాకేజీల జాబితా చూడటానికి పది నిమిషాలు పట్టదు. దీనికి విరుగుడని చెప్పి 'సర్వర్ టోకెన్స్' సెట్టింగ్ మార్చి వెర్షన్ నంబర్ దాచేసి, "రిపోర్ట్ క్లీన్ అయిపోయింది సార్" అని సంబరపడుతున్నవాళ్లు కూడా నాకు రాస్తున్నారు. నంబర్ దాస్తే దాచండి, తప్పు లేదు. అది ప్యాచ్ అని మాత్రం మేనేజ్‌మెంట్‌కి చెప్పకండి.

ప్రశ్న: మాది ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్, పీహెచ్‌పీ. సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టాను. ఓపెన్ఎస్ఎస్ఎల్ అప్‌డేట్ పడగానే ఇంజిన్‌ఎక్స్‌ని రీలోడ్ కూడా చేశాను. సర్వర్ అప్‌టైమ్ (రీబూట్ లేకుండా నడిచిన కాలం) 412 రోజులు. అయినా మా క్లయింట్ సెక్యూరిటీ టీమ్ పాత లైబ్రరీ నడుస్తోందంటున్నారు. ఎలా సాధ్యం? (విశాఖపట్నం)

వాళ్లన్నదే నిజం. ఆ 412 రోజులు గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) ప్యాచ్‌లు పడి కూడా ఏడాదికి పైగా పని చేయకుండా ఉన్నాయన్న మాట.

లైనక్స్‌లో ఒక ప్రోగ్రామ్ వాడుతున్న లైబ్రరీని డిస్క్ మీద మార్చేసినా, ఆ ప్రోగ్రామ్ మెమరీలో పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. పేరు పోతుంది, సరుకు పోదు. మీ సర్వర్లోనే చూడండి. 'పీఎస్' కొట్టి ఇంజిన్‌ఎక్స్ ప్రాసెస్‌లు ఎప్పుడు మొదలయ్యాయో గమనించండి. వర్కర్లన్నీ నిన్నటివో ఇవాళ్టివో ఉంటాయి, మాస్టర్ మాత్రం ఏడాది కిందటిది. రీలోడ్ అంటే ఆ పాత మాస్టరే కొత్త వర్కర్లను పుట్టించడం. తల్లి దగ్గరున్న లైబ్రరీయే పిల్లలకూ వస్తుంది. ఇప్పుడు రూట్‌గా 'ఎల్ఎస్ఓఎఫ్' నడిపి లిబ్ఎస్ఎస్ఎల్ (ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ ఫైల్) అన్న లైన్లు వెతకండి. పక్కన 'డీఈఎల్' అని ఉంటే, డిస్క్ మీద లేని ఫైల్ మెమరీలో నడుస్తోందని అర్థం. రీలోడ్ కాదు, రీస్టార్ట్ కావాలి. ముందు కాన్ఫిగ్ పరీక్షించుకోండి, లేకపోతే అర్ధరాత్రి సైట్ లేవక టెన్షన్ పడతారు.

ఇంజిన్‌ఎక్స్‌ని రీస్టార్ట్ చేసి చాలామంది అక్కడితో ఆపేస్తారు. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం వేరే ప్రాసెస్, దాని చేతిలో దాని లైబ్రరీలు ఉంటాయి. దాన్నీ రీస్టార్ట్ చేయాలి. ఉబుంటు 22.04 సర్వర్‌లో మీరు చేత్తో అప్‌గ్రేడ్ చేసినప్పుడు ఊదారంగు తెర ఒకటి వచ్చి, పాత లైబ్రరీలు వాడుతున్న సర్వీసుల జాబితా చూపించి, ఏవి రీస్టార్ట్ చేయాలని అడుగుతుంది. దాన్ని ఎస్కేప్ కొట్టి పంపించేసే అలవాటు మానండి. మీరు నన్నడిగిన ప్రశ్నకు జవాబు ఆ తెర మీదే ఉంది.

కెర్నల్‌కి రీబూట్ లేకుండానే ప్యాచ్ వేసే లైవ్‌ప్యాచ్ ఉంది కదా అంటారేమో. అది కెర్నల్ వరకే, ఓపెన్ఎస్ఎస్ఎల్ జోలికి పోదు. డాకర్ (అప్లికేషన్‌ని దాని లైబ్రరీలతో సహా కంటైనర్ అనే మూటగా కట్టి నడిపేది) వాడేవాళ్లయితే ఇంకో మెలిక: హోస్ట్‌లో ఎన్ని అప్‌గ్రేడ్లు కొట్టినా కంటైనర్ ఇమేజ్‌లో ఉన్నది కదలదు, ఇమేజ్‌ని మళ్లీ బిల్డ్ చేయాల్సిందే. 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు "ఆప్ట్ అంతా క్లీన్ అంటోంది" అన్నవాళ్లున్నారు. మీ జావా అప్లికేషన్‌తో పాటు వచ్చి కూర్చున్న జార్ ఫైల్ ఆప్ట్‌కి ఎలా కనిపిస్తుంది?

ప్రశ్న: మా ఆఫీసు క్లౌడ్ సర్వర్‌లో ప్యాచ్ వేయడం నెలన్నర ఆలస్యమైంది. ఇప్పుడు అన్నీ అప్‌డేట్ చేశాం, రీబూట్ కూడా చేశాం. కానీ సీపీయూ 100 శాతం దగ్గరే ఉంటోంది. ఆ ప్రాసెస్‌ని కిల్ చేస్తే నిమిషంలో మళ్లీ వస్తోంది. ఏ ప్యాచ్ మిస్సయ్యాం? (హైదరాబాద్)

ప్యాచ్ ఏదీ మిస్ కాలేదు. ప్యాచ్ పడేలోపే ఎవరో లోపలికి వచ్చేశారు. ఈ రకం ఉత్తరాలు వచ్చినప్పుడే నాకు ఎక్కువ భయం వేస్తుంది. ఎందుకంటే రాసినవాళ్లు ఇంకా అప్‌డేట్ గురించే అడుగుతుంటారు.

ఆ ప్రాసెస్ పేరు అక్షరం అక్షరం చదవండి. లైనక్స్ కెర్నల్‌కి 'కేడెవ్‌టీఎంపీఎఫ్ఎస్' అనే సొంత థ్రెడ్ ఒకటుంది. దొంగచాటుగా క్రిప్టో మైనింగ్ చేసే ఒక మాల్వేర్ అదే పేరు పెట్టుకుని చివర ఒక 'ఐ' తగిలిస్తుంది. అసలు కెర్నల్ థ్రెడ్ అయితే 'పీఎస్'లో చదరపు బ్రాకెట్ల మధ్య, రూట్ పేరుతో కనిపిస్తుంది. మీ వెబ్ సర్వర్ యూజర్ పేరుతో నడుస్తూ సీపీయూ తింటుంటే అది కెర్నల్ కాదు. నిమిషంలో మళ్లీ లేవడానికి కారణం చాలాసార్లు ఆ యూజర్ క్రాన్‌ట్యాబ్‌లో (వేళకు వాటంతటవే నడిచే పనుల జాబితా) ఉంటుంది: నిమిషానికోసారి ఎక్కడి నుంచో స్క్రిప్ట్ తెచ్చి నడిపే ఒకే ఒక్క లైన్. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఫొటోల మధ్య పీహెచ్‌పీ ఫైల్ ఉందా, పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ అయ్యే కీలుండే 'ఆథరైజ్డ్ కీస్' ఫైల్‌లో మీకు తెలియని కీ ఉందా, టెంప్ ఫోల్డర్‌లో ఏం నడుస్తోంది, ఇవన్నీ చూడండి.

అయితే ఇవన్నీ చూడమంటున్నది తుడిచేసి సరిపెట్టుకోవడానికి కాదు. ఎప్పుడు, ఎటు నుంచి వచ్చారో తెలియాలి. కనిపించినవి తీసేశాక కనిపించనివి లేవని ఎవరు చెప్పగలరు? ముందు స్నాప్‌షాట్ తీసి లాగ్‌లు భద్రం చేయండి. కొత్త సర్వర్ కట్టి, వాళ్లు రాకముందు నాటి బ్యాకప్ ఎక్కించండి. డేటాబేస్ పాస్‌వర్డ్, పేమెంట్ గేట్‌వే కీ, ఎస్ఎస్ఎల్ ప్రైవేట్ కీ ఆ మెషీన్ మీద ఉన్నాయి కాబట్టి అన్నీ పోయినట్టే లెక్క, అన్నీ మార్చండి. ఇంకోటి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన గమనించిన 6 గంటల్లోగా వాళ్లకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. చిన్న ఆఫీసు కదా అని వదిలేయకండి.

ఒక రకంగా మీరు అదృష్టవంతులు. వచ్చింది క్రిప్టో మైనర్ కాబట్టి చప్పుడు చేసింది. డేటా కోసం వచ్చినవాళ్లు సీపీయూ జోలికి పోరు. అమెరికాలో క్రెడిట్ రిపోర్టుల కంపెనీ ఈక్విఫాక్స్ సంగతి తెలిసిందే. అపాచీ స్ట్రట్స్ (పైన చెప్పిన వెబ్ సర్వర్ కాదు, జావా వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడేది) లోపానికి ప్యాచ్ 2017 మార్చి 7న వచ్చింది. 48 గంటల్లో వేయమని లోపల మెయిల్ కూడా వెళ్లింది. వారం తర్వాత స్కాన్ చేశారు, ఆ స్కాన్‌కి ఏమీ దొరకలేదు. మే నెల మధ్యలో దొంగలు దూరారు. జులై 29న గానీ కంపెనీకి తెలియలేదు. ఆలోగా సుమారు 14.7 కోట్ల మంది వివరాలు వెళ్లిపోయాయి. ప్యాచ్ విడుదలైందంటే లోపం ఎక్కడుందో లోకానికంతా చెప్పేసినట్టే. మీరు చదివేలోపే వాళ్లు చదువుతారు. నెలన్నర చాలా ఎక్కువ.

ప్రశ్న: సెంటోస్ 7 లైనక్స్‌లో యమ్ అప్‌డేట్ కొడితే మిర్రర్ (ప్యాకేజీలు దింపుకునే సర్వర్) దొరకడం లేదని ఎర్రర్ వస్తోంది. నెట్ బాగానే ఉంది. (వరంగల్)

నెట్ బాగానే ఉంటుంది, సెంటోస్ 7కే కాలం చెల్లింది. 2024 జూన్ 30తో అయిపోయింది. పాత ప్యాకేజీల గోడౌన్ అడ్రస్ పెట్టి ఎర్రర్ పోగొట్టే చిట్కాలు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఎర్రర్ పోతుంది, కొత్త ప్యాచ్ ఒక్కటి కూడా రాదు. అల్మా, రాకీ లాంటి లైనక్స్‌లకు మారిపోండి.

ప్రశ్న: మాది బట్టల షాపు. సర్వర్లు, లైనక్స్ మాకేం తెలియదు. సీసీ కెమెరాల డీవీఆర్‌ని ఫోన్‌లో చూసుకునేలా ఇన్‌స్టాలర్ రౌటర్‌లో ఏదో పోర్ట్ (బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచి వెళ్లాడు. దీనివల్ల ఇబ్బందేమైనా ఉందా? (నెల్లూరు)

సర్వర్లు తెలియవంటున్నారు గానీ మీరూ వెబ్ సర్వర్ నడుపుతున్నారు. ఆ డీవీఆర్ పెట్టెలో ఉండేది చాలావరకు లైనక్సే, అందులో చిన్న వెబ్ సర్వర్ ఒకటి ఉంటుంది. గుంటూరు ఆయనకు ఆప్ట్ ఉంది, చేంజ్‌లాగ్ ఉంది, తిట్టుకోవడానికి ఆడిటర్ ఉన్నాడు. మీకు ఏమీ లేదు.

ఇలాంటి పెట్టెల్లో వాడే బోవా అనే వెబ్ సర్వర్ ప్రాజెక్టు 2005లోనే ఆగిపోయింది. 2022 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మన దేశ విద్యుత్ రంగం మీద జరిగిన దాడులను మళ్లీ పరిశీలిస్తే, దారి ఇచ్చిన పరికరాల్లో ఈ బోవాయే కనిపించింది. దిక్కు లేని సాఫ్ట్‌వేర్ ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త పెట్టెల్లోకి ఎలా వస్తోంది? చిప్ అమ్మేవాళ్లు ఇచ్చిన కిట్‌లో ఉంది కాబట్టి పెట్టె చేసేవాళ్లు వాడేశారు, అంతే. అట్టపెట్టె మీద నైట్ విజన్ అనీ ఏఐ అనీ పెద్ద అక్షరాలు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో ఒక్క చిన్న అక్షరం ఉండదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఆ గడువు చెప్పకుండా, అందరికీ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం కుదరదు. మన దగ్గర కూడా కొత్త సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు పెట్టారు, మంచిదే. కానీ ఇప్పటికే గోడల మీద వేలాడుతున్నవాటి సంగతేమిటి? చెత్తబుట్టలోకి పోయేదాకా అవి అలాగే వేలాడతాయి. పాస్‌వర్డ్ 12345 పెట్టి, పోర్ట్ తెరిచి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయే ఇన్‌స్టాలర్లను ఎవరూ అడగరు.

మీ పని ఇది. ఆ ఇన్‌స్టాలర్‌నే పిలిపించి, తెరిచిన పోర్ట్ మూయించండి. రౌటర్‌లో యూపీఎన్‌పీ కూడా ఆఫ్ చేయించండి, లేకపోతే డీవీఆర్ మిమ్మల్ని అడక్కుండానే మళ్లీ పోర్ట్ తెరుచుకోవచ్చు. పాస్‌వర్డ్ మీ ముందే మార్పించుకోండి. బయటి నుంచి చూడటం తప్పనిసరైతే రౌటర్‌లో వీపీఎన్ పెట్టమనండి. "అలా కుదరదు సార్" అంటే ఇంకో ఇన్‌స్టాలర్‌ని వెతుక్కోండి.