కాలిన గాయం కన్నా ముఖ్యం ఆ కాగితం

ప్రశ్న: మా డాషండ్ జాతి కుక్క చింటూకి ఎనిమిదేళ్లు. నడుం పట్టేసి వెనక కాళ్లు ఈడ్చేవాడు. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి, చేత్తో పట్టుకుని వాడే రెడ్ లైట్ థెరపీ (ఎర్ర కాంతి చికిత్స) మెషీన్ ₹6,500 పెట్టి కొన్నాను. రోజూ పావుగంట పెడితే మూడో రోజుకే వీపు మీద చర్మం కాలి పుండయింది. వాడు మూలుగుతుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, మాకు కొడుకులాంటివాడు. కంపెనీ ‘ఎక్కువసేపు వాడారు, తప్పు మీదే’ అంటోంది. అట్టపెట్టె, అందులోని వాడకం సూచనల కాగితం పాత సామాన్లవాడికి వేసేశాం. తెలిసిన పశువైద్యుడు పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానన్నారు. గాయమై వచ్చే నెలకి రెండేళ్లవుతుంది. కేసు వేయొచ్చా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేయొచ్చు. అయితే చింటూ ఎంత బాధపడ్డాడన్నది ఈ కేసును తేల్చదు. మీరు పారేసిన ఆ కాగితంలో ఏముందన్నదే తేలుస్తుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 84 ప్రకారం, సరిగ్గా ఎలా వాడాలో, తప్పుగా వాడితే ఏమవుతుందో తగినంతగా చెప్పకపోయినా తయారీదారు బాధ్యుడే. ముదురు రంగు బొచ్చు, చర్మం కాంతిని ఎక్కువగా పీల్చుకుని వేడెక్కుతాయి. ఆ హెచ్చరిక, ‘ఇన్ని నిమిషాలకు మించొద్దు’ అన్న మాట కాగితంలో లేకపోతే మీ పావుగంట తప్పు కాదు. ఉంటే మాత్రం, దుర్వినియోగం చేశారని విక్రేత సెక్షన్ 87 చూపించి తప్పుకుంటాడు.

చికిత్స పరికరం కొని దాని కాగితం పాత సామాన్లలో వేయడం ఏమిటండీ? సరే, ఇప్పుడు చేయాల్సింది చూద్దాం. మెషీన్ మీ దగ్గరే ఉందనుకుంటాను. కస్టమర్ కేర్ ‘పరీక్షించి చూస్తాం, పంపండి’ అన్నా పంపకండి. లోపం తేలాలంటే ఫిర్యాదు విచారించే వినియోగదారుల కమిషనే దాన్ని ల్యాబ్‌కు పంపగలదు. వెనక ఉన్న స్టిక్కర్‌ను దగ్గరగా ఫొటో తీయండి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, బ్యాచ్, లైసెన్స్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. 2020 ఏప్రిల్ 1 నుంచి జంతువుల చికిత్సకు ఉద్దేశించిన పరికరాలూ డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి వచ్చాయి. లైసెన్స్ నంబరే లేకపోతే అది మీ వాదనకు బలం. ప్రకటన పేజీ ఇంకా కనిపిస్తుంటే లింకు, తేదీ పడేలా ఈ రోజే స్క్రీన్‌షాట్ తీయండి, రేపు ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఆ ఫొటోలు, స్క్రీన్‌షాట్లకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయించండి. కాగితం ప్రతిని దాఖలు చేసేలా కంపెనీని ఆదేశించమని ఫిర్యాదుతోపాటే దరఖాస్తు పెట్టండి, కమిషన్‌కు ఆ అధికారం ఉంది.

పాత తేదీ సర్టిఫికెట్ జోలికి మాత్రం వెళ్లకండి. ఆసుపత్రి రిజిస్టర్ తెప్పించమని అవతలి లాయరు ఒక్క మాట అంటే చాలు, దొరికిపోతారు. అప్పుడు నిజంగా కాలిన గాయం కూడా అబద్ధంలా కనిపిస్తుంది. తప్పుడు సర్టిఫికెట్ ఇవ్వడమూ, తెలిసి వాడటమూ క్రిమినల్ నేరాలే. ఆ సాయం చేస్తానన్న డాక్టరు కూడా మీతోపాటు ఇరుక్కుంటాడు. డ్రెస్సింగ్ చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లి, అప్పటి రికార్డు చూసి ఈ రోజు తేదీతోనే రాసివ్వమనండి. మందుల బిల్లులు, అప్పట్లో ఫోన్లో తీసిన ఫొటోలు అసలు ఫైళ్లతో సహా భద్రపరచండి.

గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు, మీ విషయంలో గాయమైన రోజు నుంచి లెక్కపెట్టుకోండి. కంపెనీతో మెయిళ్లు నడుస్తున్నాయని ఆ గడియారం ఆగదు. ఆలస్యాన్ని మన్నించే వీలున్నా తగిన కారణం చూపాలి, ‘వాళ్ల జవాబు కోసం చూశాం’ అంటే ఒప్పుకుంటారని నమ్మకం పెట్టుకోవద్దు. వెంటనే లీగల్ నోటీసు పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా గడువులోపే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు పడాలి. మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. చెల్లించిన ధర ₹5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. తయారీదారు విదేశంలో ఉండి దొరక్కపోతే విక్రేతనే పట్టుకోవచ్చు. అందుకే అమ్మిన సంస్థను, ప్లాట్‌ఫారాన్ని కూడా ప్రతివాదులుగా చేర్చండి.

కొడుకులాంటివాడన్నారు, చట్టం దృష్టిలో చింటూ మీ ఆస్తి. నొచ్చుకోకండి, అది మీకే లాభం. ఆస్తికి నష్టం జరిగినప్పుడు కలిగే మానసిక వేదనకు కూడా పరిహారం అడిగే వీలు వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. బిల్లులున్నంత మేర వైద్య ఖర్చులు, మెషీన్ ధర, వేదనకు కొంత మొత్తం అడగండి, లక్షలు కోరవద్దు.

నోటీసుకు జవాబుగా కంపెనీ ఆ కాగితం పంపి, అందులో ముదురు బొచ్చు గురించి, నిమిషాల గురించి స్పష్టంగా ఉందనుకోండి. అప్పుడు పోరాటం మాని, మెషీన్ డబ్బు వాపసు, మందుల ఖర్చులో కొంతకి రాజీ పడండి.