లింక్డ్‌ఇన్‌కు తాళం పడితే: మేనకోడలికి ఓ ఉత్తరం

బుజ్జీ,

రాత్రి రెండింటికి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ పొద్దున్నే చూశాను. అకౌంటు రిస్ట్రిక్ట్ చేశామని లింక్డ్‌ఇన్ చూపించే ఆ పేజీ నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్లుగా యూఎస్ స్టాఫింగ్‌లో, అంటే అమెరికా కంపెనీలకు మనుషుల్ని చూసిపెట్టే పనిలో ఉన్నవాణ్ణి, నా టీముల్లో ఎంతమంది పిల్లలు ఆ పేజీ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారో లెక్కలేదు. నాకూ ఒకసారి వచ్చింది. అందుకే ముందుగా ఒక్క మాట: కంగారుపడి ఇంకో అకౌంటు తెరవకు.

నేను చేసిన పని అదే. బ్రౌజర్‌కు ఓ ఎక్స్‌టెన్షన్ (అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకుని, కనెక్ట్ అవుదామని పంపే ఇన్విటేషన్లు దానికి అప్పగించాను. నేను టీ తాగుతుంటే అది పంపుతూ పోయేది, నాకు మహా గొప్పగా ఉండేది. ఓ రోజు తాళం పడింది. వెంటనే మీ అత్తయ్య మెయిల్ ఐడీతో, అదే లాప్‌టాప్ మీద కొత్తది తెరిచాను. సాయంత్రానికి అదీ పోయింది. ఒక మనిషికి ఒక్క అకౌంటే అన్నది వాళ్ల నియమం. మొదటిదాని కోసం రాసుకునేటప్పుడు రెండోదానికి కూడా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మీ అత్తయ్య ఇప్పటికీ ఆ కథ చెప్పి నవ్వుతుంది.

"నేనేం తప్పు చేయలేదు మావయ్యా" అని రాశావు. అయి ఉండొచ్చు. కానీ వాళ్లకు ఒక్క ముక్క రాసే ముందు కాగితం తీసుకుని గత నెల రోజుల్లో ఆ అకౌంటు మీద ఏమేం జరిగిందో రాసుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే అన్నావు, హాట్‌లిస్ట్ (ప్రాజెక్టు కోసం చూస్తున్న కన్సల్టెంట్ల జాబితా) పోస్ట్ చేయడానికి మీ టీమ్ లీడ్ కూడా నీ పాస్‌వర్డ్‌తో లాగిన్ అవుతాడని. ఆయన డల్లాస్‌లో ఉంటాడు, నువ్వు మాదాపూర్‌లో. పది నిమిషాల తేడాతో రెండు ఖండాల నుంచి లాగిన్ అయితే చూసేవాళ్లకు హ్యాకింగ్‌లాగే కనిపిస్తుంది. పైగా పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వకూడదని నువ్వు ఒప్పుకున్న షరతుల్లోనే ఉంది. ఆ షరతుల్లో 8.2 అనే భాగం ఉంటుంది, చేయకూడని పనుల జాబితా అది. మనుషుల వివరాలు లాగేసే టూల్స్, వాటంతట అవే మెసేజ్‌లు పంపే బాట్లు, ఎక్స్‌టెన్షన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. మన లైన్‌లో సగంమంది వాడేవి అవే, అది వేరే సంగతి.

ఇంకోటి, నీ పేరు. పేరు రాసే చోట పేరు పక్కన గీత గీసి "యూఎస్ ఐటీ రిక్రూటర్" అని, ఆ పక్కన ఓ రాకెట్ బొమ్మ కూడా పెట్టావు. అక్కడ పేరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఉద్యోగం గురించి రాసుకోవడానికి కింద హెడ్‌లైన్ ఉంది కదా.

కాగితం మీద ఇవన్నీ తేలాక ఎక్స్‌టెన్షన్ ఉంటే తీసెయ్. మెయిల్ పాస్‌వర్డ్ కూడా మార్చు, ఎందుకంటే అకౌంటు తిరిగొచ్చే దారి ఆ మెయిల్‌లోనే ఉంటుంది. తర్వాత నువ్వు రోజూ వాడే లాప్‌టాప్ నుంచే, వీపీఎన్ (నువ్వున్న చోటు కనబడకుండా చేసే సాఫ్ట్‌వేర్) ఆపేసి, ఇంటి వైఫై మీద లాగిన్ అవ్వడానికి ప్రయత్నించు. ఒక్కసారి చాలు. పది రకాల ఫోన్లతో పదిసార్లు ప్రయత్నిస్తే అనుమానం పెరుగుతుంది. ఆ పేజీలో ఏముందో పూర్తిగా చదువు. కొన్నిసార్లు ఫలానా తేదీ వరకే అని ఉంటుంది. అలా ఉంటే అప్పటిదాకా ముట్టుకోకుండా ఊరుకోవడమే మందు. గుర్తింపు కార్డు అడుగుతుంటే అది చూపించాలి.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఈ కార్డు దగ్గరే. చాలామందికి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా, విడిగా సర్‌నేమ్ గడిలో ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో ఏమో పెళ్లయ్యాక మీ ఆయన ఇంటిపేరు తగిలించావు, అసలు పేరును సగానికి కత్తిరించావు. మూడుచోట్లా మూడు పేర్లు చూస్తే ముగ్గురు మనుషులనే అనుకుంటారు. నీ ప్రొఫైల్ పేరుకు ఏ కార్డు దగ్గరగా ఉందో అదే వాడు. నాకు తెలిసి నీది పాస్‌పోర్టే. తేడా ఎందుకొచ్చిందో, మళ్లీ పరిశీలించమని రాసే అప్పీల్‌లో ఒక వాక్యంలో చెప్పు. ఈ తనిఖీలో పర్సోనా అనే వేరే కంపెనీ పేరు కనిపిస్తే భయపడకు, లింక్డ్‌ఇన్ ఆ పని వాళ్లకు అప్పగించింది. అయితే ఆ లింకు లింక్డ్‌ఇన్ పేజీలో నుంచే తెరుచుకోవాలి. ఎవరో మెయిల్‌లో పంపిన లింకుకు పాస్‌పోర్టు ఇవ్వకు.

అప్పీల్‌కు లాగిన్ అక్కర్లేదు, వాళ్ల హెల్ప్ పేజీలో ఫారం ఉంటుంది. అకౌంటులో ఉన్న మెయిల్ ఐడీనే రాయాలి. నువ్వు నాకు పంపిన డ్రాఫ్టు చూశాను. పేజీన్నర ఉంది, మధ్యలో ఈఎంఐలు, అమ్మ ఆపరేషన్ కూడా ఉన్నాయి. నీ బాధ నాకు తెలుసు. కానీ ఆ టికెట్, అంటే నీ అప్పీల్ ఫైలు, తెరిచినవాళ్లు చూసేది నువ్వెవరు, ఏం జరిగింది, మళ్లీ జరగదని నమ్మకమేంటి అన్నదే. ఐదు వాక్యాలు చాలు: నా పేరు ఇది, నా పాస్‌వర్డ్ ఇంకొకరు కూడా వాడారు, అది తప్పని తెలిసింది, పాస్‌వర్డ్ మార్చి ఇక ఎవరికీ ఇవ్వను, దయచేసి మళ్లీ పరిశీలించండి. ఎక్స్‌టెన్షన్ వాడి ఉంటే అదీ రాసెయ్. ఎవరు ఎన్ని ప్రొఫైళ్లు ఎంత వేగంతో తిప్పారో వాళ్ల సర్వర్లలో ఉంటుంది, దాచి లాభం లేదు. పంపాక టికెట్ నంబర్ రాసిపెట్టుకో. రోజుకో కొత్త టికెట్ తెరవకుండా, చెప్పాల్సింది ఏదైనా ఉంటే అదే మెయిల్‌కు జవాబుగా రాయి.

అక్కడ పని కాకపోతే ఇంకో మెట్టు ఉంది, మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 2021లో వచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం ఇలాంటి సంస్థలు ఇక్కడ గ్రీవెన్స్ ఆఫీసర్‌ను, అంటే ఫిర్యాదులు చూసే అధికారిని పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, 7 రోజుల్లో తేల్చాలి (2026 ఫిబ్రవరి దాకా ఇది 15 రోజులు ఉండేది). ఆ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు, అంతా ఆన్‌లైన్‌లోనే. కాబట్టి ప్రతి మెయిల్, ప్రతి స్క్రీన్‌షాట్ తేదీతో సహా దాచు. ఇంతా చేసినా రాకపోవచ్చు, కొన్ని శాశ్వతంగానే పోతాయి. అది కూడా మనసులో పెట్టుకో.

"ఐదు వేలు ఇస్తే ఓపెన్ చేయిస్తా" అని టెలిగ్రామ్‌లో ఎవడో అన్నాడని రాశావు. వాడికి లోపల ఎవరూ తెలియదు. ఓటీపీ, పాస్‌పోర్టు ఫోటో వాడి చేతికి వెళితే అకౌంటు సంగతి దేవుడెరుగు, నీ పేరు మీద ఇంకేం తెరుస్తాడో! డబ్బు ఇప్పటికే పంపి ఉంటే దాచకుండా చెప్పు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేద్దాం.

పని మాత్రం ఆపకు. నేను అమీర్‌పేటలో మొదలుపెట్టిన రోజుల్లో నోట్‌బుక్‌లో వెండర్ల (మధ్యవర్తి కంపెనీల) నంబర్లు రాసుకుని ఫోన్లు చేసేవాళ్లం. నీ మెయిల్‌లో, ఫోన్‌లో కనీసం వందమంది ఉంటారు. వాళ్లలో నీ గొంతు గుర్తుపట్టే ఇరవైమందికి ఈ వారం ఫోన్ చెయ్యి. టీమ్ లీడ్‌కు కూడా ఈ రోజే చెప్పు. అకౌంటు నీ పేరు మీదుంది, ఆయన టార్గెట్ మీద కాదు.

అది తిరిగొచ్చాక మొదటి రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి నీ డేటా కాపీ అడుగు, కనెక్షన్ల జాబితా అందులో వస్తుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఓ కోడ్ కూడా అడిగేది) పెట్టు. ఎవరూ ఒప్పుకోకుండా పేరుకుపోయిన పాత ఇన్విటేషన్లు కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకో. ఎవరి ఇన్విటేషన్ వెనక్కి తీసుకున్నావో వాళ్లకు మళ్లీ పంపాలంటే మూడు వారాల దాకా ఆగాల్సి రావచ్చు, ముఖ్యమైనవాళ్లను చూసుకుని తియ్యి.

పాస్‌పోర్టు గుంటూరులో మీ అమ్మ బీరువాలో ఉందన్నావు. వాట్సాప్‌లో ఫోటో పంపమనకు, ఫోటోకు ఫోటో తీస్తే పనికిరాదు, అసలుదే నీ చేతిలో ఉండాలి. నాలుగు మూలలూ కనిపించేలా, ట్యూబ్‌లైట్ మెరుపు పడకుండా తీయాలి. శనివారం ఎలాగూ నీకు షిఫ్టు లేదు కదా, పొద్దున బస్సుకు వెళ్లి తెచ్చుకో. మీ అమ్మకు అకౌంటు గొడవ చెప్పకు, టెన్షన్ పడుతుంది. ఆవకాయ కోసం వచ్చానని చెప్పు, నాకూ ఒక సీసా పట్టుకురా.

మీ మావయ్య